మేనకోడలి మొదటి పొదుపు: క్రిప్టోకి ఎంత, మిగతావాటికి ఎంత?

"మామయ్యా, నెలకి వెయ్యి రూపాయలు బిట్‌కాయిన్‌లో సిప్ పెడదామనుకుంటున్నా, ఏ యాప్ మంచిది?" అని ఇరవై ఏళ్ల పిల్ల అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబులు సాధారణంగా రెండే. "అదంతా జూదం, జోలికి పోకు" అనేది ఒకటి. ఆఫీసులో ఎవరో చెప్పిన కాయిన్ పేరు చెప్పేసి చేతులు దులుపుకోవడం రెండోది. మొదటి జవాబు విన్న పిల్లలు ఎలాగూ మానరు, మనకు చెప్పడం మానేస్తారు. రెండోదాని సంగతి చెప్పక్కర్లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. పద్దెనిమిది నిండి, సొంత పాన్ కార్డు, సొంత బ్యాంకు ఖాతా, కాస్తో కూస్తో సొంత సంపాదన ఉన్న పిల్లలైతే, పొదుపులో పదో వంతు దాకా బిట్‌కాయిన్‌లో పెట్టుకోవచ్చు. అది కూడా మిగతా తొమ్మిది వంతులు మొదలయ్యాకే. ఏ కాయిన్ అన్న ప్రశ్న చిన్నది. ఎవరి పేరు మీద, ఎక్కడ కొని, ఎంత పెట్టి, పన్ను లెక్క ఎలా చూపిస్తారు అన్న ప్రశ్నలే పెద్దవి. డబ్బు పోయేది ఎక్కువగా వాటి దగ్గరే.

పద్దెనిమిది నిండకపోతే

ఇది తేలిగ్గా తేలిపోయే సంగతి. మన దేశంలో రూపాయలతో నడిచే ఎక్స్ఛేంజీలు, అంటే క్రిప్టో కొని అమ్మే యాప్‌లు, మైనర్లకు ఖాతా ఇవ్వవు. కేవైసీలో పాన్, ఆధార్ చూస్తారు, వయసు అక్కడే తెలిసిపోతుంది. దాంతో కొందరు పిల్లలు నాన్న పాన్‌తో ఖాతా తెరిచి తామే నడుపుతుంటారు. అలా చేస్తే లాభమొచ్చినా నష్టమొచ్చినా పన్ను కాగితాల్లో కనపడేది నాన్న పేరే. ఆయనకు వచ్చే నోటీసుకి ఇంటర్ చదివే కొడుకు సమాధానం చెప్పలేడు.

పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరుతోనే ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) తెరవొచ్చు. పీపీఎఫ్ (ప్రభుత్వపు దీర్ఘకాలిక పొదుపు ఖాతా) అయితే గార్డియన్ పెట్టి తెరవాలి. ఏడాదికి కనీసం 500 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర. ఆ లక్షన్నర గార్డియన్ సొంత ఖాతాతో కలిపి లెక్క అని గుర్తుంచుకోండి. పదేళ్లలోపు ఆడపిల్లకైతే సుకన్య సమృద్ధి 8.2 శాతం ఇస్తోంది. ఇది 2025లో ఉన్న రేటు. ఇలాంటి భద్రత ఉన్న చోట్ల అంతకంటే ఎక్కువ ఇచ్చేది నాకు కనపడలేదు. మైనర్ పేరు మీద వచ్చిన రాబడి, వాళ్ల సొంత ప్రతిభతో సంపాదించింది కాకపోతే, తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. పీపీఎఫ్, సుకన్య వడ్డీలకు పన్నే లేదు కాబట్టి అక్కడ ఆ తలనొప్పి రాదు.

పదహారేళ్ల వాడు మరీ పట్టుబడితే, కొనకుండానే కాగితం మీద లెక్క రాయమనండి. ప్రతి నెలా ఒకటో తారీఖు ధర చూసి "ఈ రోజు 500కి కొన్నట్టు" అని నోట్‌బుక్‌లో రాసుకుంటే, పద్దెనిమిదో పుట్టినరోజు నాటికి వాడికే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఖర్చు నోట్‌బుక్‌కి అయ్యేదే.

అదే వెయ్యి రూపాయలు వేరే చోట పెడితే

పోస్టాఫీసు ఆర్‌డీ నుంచి మొదలుపెడదాం. నెలకి 1,000 చొప్పున ఐదేళ్లు కడితే 60,000 అవుతుంది. 2025లో ఉన్న 6.7 శాతం రేటుతో చివర్లో చేతికొచ్చేది దాదాపు 71,366 రూపాయలు. గొప్ప రాబడేం కాదు, ధరలు పెరిగే వేగంతో పోలిస్తే ఇంకా సాదాగా కనిపిస్తుంది. కానీ చదువు అయిపోయి ఉద్యోగం రావడం ఆరు నెలలు ఆలస్యమైతే హాస్టల్ ఫీజు కట్టేది ఈ డబ్బే. కొత్తగా సంపాదించే పిల్లలకు మొదట కావాల్సింది ఇలాంటి డబ్బు. మూడు నెలల ఖర్చు దీనిలోనో, బ్యాంకు ఎఫ్‌డీలోనో చేరేదాకా క్రిప్టో మాట వాయిదా వేయమనే చెబుతాను. బ్యాంకులో దాచుకున్న దానికి వడ్డీతో కలిపి ఐదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. క్రిప్టో ఎక్స్ఛేంజీలో దాచినదానికి అలాంటిదేమీ లేదు.

చిట్టీ సంగతి ఎత్తకుండా మన ఇళ్లలో పొదుపు చర్చ పూర్తి కాదు. రిజిస్టర్డ్ చిట్టీ అయితే నెలనెలా కట్టక తప్పదు, ఆ బలవంతమే దానిలోని మంచి గుణం. ఫోర్‌మన్ కమిషన్ చట్టప్రకారం 7 శాతం దాకా ఉండొచ్చు. ముందుగా పాడుకునేవాళ్లు ఒదులుకున్న సొమ్మే చివరిదాకా ఆగినవాళ్లకు లాభం. కానీ స్టైపెండ్ మీద బతికే పిల్లకు ఒక నెల స్టైపెండ్ ఆలస్యమైతే చిట్టీ వాయిదా తప్పుతుంది. జీతం కుదురుకున్నాక చూసుకోవచ్చు.

బంగారం మీద అమ్మమ్మలకున్న నమ్మకాన్ని నేను కాదనను. నగ కొంటే 3 శాతం జీఎస్టీ, దానికి తోడు మజూరీ, తరుగు. అమ్మేటప్పుడు అవేవీ వెనక్కి రావు. పొదుపు కోసమే అయితే గోల్డ్ ఈటీఎఫ్ (షేర్లలాగా కొని అమ్మే బంగారం ఫండ్) మేలు. పది రూపాయలకు కూడా యాప్‌లో దొరికే డిజిటల్ గోల్డ్ మాత్రం తమ నియంత్రణలో లేదని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే 2025 నవంబరులో హెచ్చరించింది. కాబట్టి "క్రిప్టో ప్రమాదం, డిజిటల్ గోల్డ్ కొనుక్కో" అనే సలహా అంత ఆలోచించి ఇచ్చింది కాదు.

ఇండెక్స్ ఫండ్ దగ్గర కాస్త ఆగాలి. క్రిప్టోకి నిజమైన పోటీ ఇదే. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో నెలకి వంద రూపాయల నుంచి కూడా సిప్ పెట్టుకోవచ్చు. ఇదీ ఎగుడుదిగుడుగానే ఉంటుంది, 2020 మార్చిలో కొన్ని వారాల్లోనే మూడో వంతుకు పైగా పడింది. కానీ వెనక యాభై కంపెనీల వ్యాపారం ఉంది, పైన సెబీ ఉంది, పన్ను సౌమ్యంగా ఉంది. పిల్లలకు చాలామంది చెప్పని సంగతి ఈ పన్నే.

పన్ను దగ్గర కథ మారిపోతుంది

ఏడాది పాటు నెలకి వెయ్యి చొప్పున 12,000 పెట్టారనుకుందాం. మరో ఏడాది ఆగి చూస్తే 18,000 అయింది. లాభం 6,000.

అది ఇండెక్స్ ఫండ్‌లో వచ్చినదైతే, ప్రతి వాయిదాకూ ఏడాది దాటింది కాబట్టి దీర్ఘకాలిక లాభం. ఏడాదికి 1,25,000 దాకా అలాంటి లాభం మీద పన్ను లేదు. మొత్తం 6,000 చేతికే వస్తుంది.

అదే లాభం బిట్‌కాయిన్‌లో వస్తే 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మొత్తం 1,872 రూపాయలు. "నేను స్టూడెంట్‌ని, నాకు వేరే ఆదాయమే లేదు" అన్నా తగ్గదు. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు ఈ లాభానికి వర్తించదు. ఎంతకాలం దాచుకున్నా రేటు మారదు. 2022 ఏప్రిల్ నుంచి ఇదే నియమం.

ఇంతకంటే దారుణం ఇంకోటుంది. ఒక పిల్ల బిట్‌కాయిన్ అమ్మితే 10,000 లాభం వచ్చింది, ఇంకో కాయిన్ అమ్మితే 10,000 నష్టం వచ్చింది. చేతిలో మిగిలింది సున్నా. పన్ను శాఖ లెక్కలో మాత్రం 10,000 లాభం అలాగే ఉంటుంది. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడం కుదరదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడమూ కుదరదు. ఏమీ సంపాదించని పిల్ల 3,120 రూపాయలు పన్ను కట్టాలి. నాలుగైదు కాయిన్లలో కొంచెం కొంచెం పెడితే రిస్కు తగ్గుతుంది అనే మామూలు సలహా మన దేశపు పన్ను నియమాల కింద తలకిందులవుతుంది. నేను ఒక్క కాయిన్‌తో సరిపెట్టమనడానికి మొదటి కారణం ఇదే.

అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్ (పన్ను కింద ముందే పట్టుకునే సొమ్ము) కూడా కోస్తారు. ఏడాదికోసారి అమ్మేవాళ్లకు అది పెద్ద విషయం కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. రోజూ కొని అమ్మేవాళ్ల సంగతి వేరు. ఉన్నదంతా పెట్టి వంద సార్లు కొని అమ్మితే, ధర ఒక్క పైసా మారకపోయినా తిప్పుకోవడానికి చేతిలో మిగిలేది మొదట పెట్టినదానిలో 37 శాతం కన్నా తక్కువ. మిగతాది రిఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అది అమ్మకమే. "నేను రూపాయల్లోకి మార్చలేదు కదా" అనే వాదన చెల్లదు.

ఈ లెక్కంతా చూశాక కూడా బిట్‌కాయిన్ ఎందుకు అనొచ్చు. రెండు కారణాలు. దాని సంఖ్య 2 కోట్ల 10 లక్షలకు మించదు అన్న నియమం 2009 నుంచి నిలిచింది, దాని మీద నమ్మకం ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమెరికాలో 2024 జనవరి నుంచి ఈటీఎఫ్‌ల రూపంలో మామూలు బ్రోకర్ దగ్గరే దొరుకుతోంది. రెండోది, ఇది నాకు ఎక్కువ ముఖ్యం, పిల్లలు ఎలాగూ దీనివైపు వెళ్తారు. చిన్న మొత్తంతో, మన కళ్ల ముందు వెళ్తే, పడినప్పుడు ఎలా ఉంటుందో తక్కువ ఖర్చుతో తెలుస్తుంది.

పడటం అంటే ఎంతో అంకెల్లో చెప్పండి వాళ్లకి. 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గరికి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల కిందికి దిగింది. డాలర్లలో చూస్తే పదివేలు పెట్టినవాడికి మిగిలింది సుమారు 2,300. తర్వాత 2025 అక్టోబరులో 1,25,000 డాలర్లు దాటింది, మర్నెలలోనే 90,000 కిందికి జారింది. ఈ వాక్యాలు చదివాక పిల్ల కళ్లు "16,000 దగ్గర కొనుంటే" అన్న దగ్గరే ఆగిపోయాయంటే ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పాలి.

కొనే దారుల్లో ఏది

రూపాయలతో నేరుగా కొనే భారతీయ ఎక్స్ఛేంజీ, సొంత వాలెట్ (కాయిన్ల తాళం మనమే దాచుకునేది), పీ2పీ (మనిషికి మనిషి నేరుగా అమ్మడం), విదేశీ ఎక్స్ఛేంజీ, ఫ్యూచర్స్ (కొద్ది డబ్బుతో ధర మీద వేసే పెద్ద పందెం). ఇవన్నీ ఒకే యాప్‌లో పక్కపక్క బటన్లుగా కనపడతాయి కాబట్టి పిల్లలకు అన్నీ ఒకటే అనిపిస్తాయి. ప్రమాదంలో మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా.

కొత్తవాళ్లకు నేను ఒప్పుకునేది మొదటి దారి ఒక్కటే. ఆ ఎక్స్ఛేంజీ ఆర్థిక శాఖ కింద అనుమానాస్పద లావాదేవీలను గమనించే ఎఫ్‌ఐయూ ఇండియాలో నమోదై ఉండాలి. 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ చట్టం వీటికీ వర్తిస్తోంది కాబట్టి ఆ నమోదు తప్పనిసరి. అది ఉన్నంత మాత్రాన మన డబ్బుకి ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. కేవైసీ, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టింగ్ చేస్తున్నారని మాత్రమే దాని అర్థం. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు, అంటే సుమారు రెండు వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు హ్యాకర్లు ఎత్తుకుపోయారు. ఆ ఎక్స్ఛేంజీ మళ్లీ ట్రేడింగ్ మొదలుపెట్టింది 2025 అక్టోబరులో. ఏడాదికి పైగా మామూలు జనం తమ ఖాతాలో అంకెలు చూసుకుంటూ కూర్చున్నారు. అందులో సెమిస్టర్ ఫీజు పెట్టిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

యాప్ ఎంచుకునేటప్పుడు మా మేనకోడలితో చేయించిన పరీక్ష ఒకటుంది, పది నిమిషాల పని. యాప్ తెరిచి 500 రూపాయలకు ఎంత బిట్‌కాయిన్ వస్తుందో చూసి రాసుకోవాలి, కొనక్కర్లేదు. బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు దాకా కొనొచ్చు కాబట్టి సున్నా, చుక్క తర్వాత చాలా సున్నాలతో ఒక అంకె కనపడుతుంది. వెంటనే అమ్మే పేజీకి వెళ్లి, అంతే బిట్‌కాయిన్‌కి ఆ నిమిషంలో ఎన్ని రూపాయలిస్తారో చూడాలి. 495 వస్తే పర్వాలేదు. 480 వస్తే, "జీరో ఫీజు" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ 20 రూపాయలే ఫీజు. విడిగా చూపించే ఫీజుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలపాలి. తర్వాత రూపాయలు బ్యాంకుకి వెనక్కి తీసుకునే పేజీ చూడాలి: కనీస మొత్తం ఎంత, చార్జీ ఎంత. చివరగా కాయిన్‌ని బయటి వాలెట్‌కి పంపనిస్తారా లేదా. కొన్ని యాప్‌లు పంపనివ్వవు. పంపనివ్వని చోట కొన్నది నిజంగా మన చేతిలో లేనట్టే. ప్రకటనల్లో క్రికెటర్ ఎవరున్నారన్నది ఈ పరీక్షలో లేదు.

సొంత వాలెట్ గురించి ఇంటర్నెట్‌లో చాలా గట్టిగా చెబుతారు. తాళం మన దగ్గర లేకపోతే కాయిన్ మనది కాదని. సూత్రం నిజమే. కానీ నెలకి 300 పెట్టే పిల్లకు వేల రూపాయలు పోసి హార్డ్‌వేర్ వాలెట్ (తాళం దాచే చిన్న పరికరం) కొనివ్వడం వెయ్యి రూపాయల చీరకి పదివేల బీరువా కొన్నట్టు. పైగా బయటికి పంపే చార్జీ చాలా చోట్ల మొత్తాన్ని బట్టి కాకుండా ఒకే అంకెగా ఉంటుంది, చిన్న మొత్తాలను అదే తినేస్తుంది. విలువ యాభై వేలో లక్షో దాటాక ఆలోచించవచ్చు.

ఆ రోజు వస్తే అసలు పని పరికరం కొనడం కాదు, సీడ్ ఫ్రేజు దాచడం. 12 గానీ 24 గానీ మామూలు ఇంగ్లీషు పదాలు ఒక వరసలో ఇస్తుంది వాలెట్. ఆ వరస తెలిసినవాడిదే డబ్బు. పిల్లలు చేసే మొట్టమొదటి పని దాన్ని స్క్రీన్‌షాట్ తీయడం, ఫొటో వెళ్లి క్లౌడ్‌లో కూర్చుంటుంది. కాగితం మీద పెన్నుతో అంకెలు వేసి రాయించండి, ఇంకొకరి చేత చదివించి సరిచూడండి, కవర్లో పెట్టి ఇంటి పత్రాలు ఉండే చోట దాచండి. ఇంట్లో ఇంకొక్కరికి అది ఏమిటో తెలియాలి. బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటాడు, వాలెట్‌కి ఉండడు. పాత బిల్లేమో అనుకుని పండగ శుభ్రంలో ఎవరో చింపేస్తే తిరిగి తెచ్చే ఆఫీసు ప్రపంచంలో లేదు. కస్టమర్ కేర్ నుంచి అంటూ ఫోన్ చేసి ఆ పదాలు అడిగినవాడు ఎవడైనా సరే దొంగే.

ఇక పీ2పీ. ఎక్కువగా యూఎస్‌డీటీ అనే డాలర్ కాయిన్‌తో నడుస్తుంది. అమ్మేవాడు కాయిన్ ఇస్తాడు, కొనేవాడు నేరుగా బ్యాంకు ఖాతాలోకి రూపాయలు పంపుతాడు. మార్కెట్ ధర కన్నా రెండు రూపాయలు ఎక్కువిస్తానని టెలిగ్రామ్‌లో ఎవరో అంటారు, పిల్లలకు ఆశ పుడుతుంది. ఆ రూపాయలు ఎక్కడివి అన్నదే చిక్కు. వేరే రాష్ట్రంలో డిజిటల్ అరెస్టు పేరుతోనో నకిలీ ట్రేడింగ్ యాప్‌తోనో ఎవరినో ముంచి తీసిన సొమ్ము అయితే, బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే పోలీసులు ఆ డబ్బు వెళ్లిన ఖాతాలన్నీ వరసగా ఆపిస్తారు. అందులో మన పిల్ల ఖాతా కూడా ఉంటుంది. హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు, ఫోన్ రీచార్జి అన్నీ ఆగిపోతాయి. కేసు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి పోలీసుస్టేషన్‌తో మాట్లాడుకోవాలి. తప్పు చేయలేదని నిరూపించే భారం ఆచరణలో మన నెత్తినే పడుతుంది.

దీనికి అన్నయ్యలాంటిది ఖాతా అద్దె. "నీ అకౌంట్‌లోకి డబ్బు వస్తుంది, దాంతో యూఎస్‌డీటీ కొని మాకు పంపు, లావాదేవీకి ఇంత కమిషన్" అని కాలేజీ పిల్లలను అడుగుతారు. పార్ట్‌టైమ్ ఉద్యోగం అని పేరు. అది సైబర్ నేరంలో భాగం, అరెస్టయ్యేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. క్రిప్టో గురించి మీరు పిల్లలతో ఒకే ఒక్క సంగతి మాట్లాడగలిగితే ఇది మాట్లాడండి. ధర పడితే పోయేది నెలకి 300. దీనిలో పోయేది పాస్‌పోర్టు, ఉద్యోగం.

విదేశీ ఎక్స్ఛేంజీల మీద ఎక్కువ చెప్పను. నమోదు లేకుండా నడుస్తున్నందుకు 2023 డిసెంబరులో తొమ్మిదింటికి ఎఫ్‌ఐయూ నోటీసులిచ్చింది, తర్వాత వాటి యాప్‌లు ఆపేశారు. వాటిలో కొన్ని జరిమానా కట్టి నమోదు చేసుకుని తిరిగొచ్చాయి. నమోదు లేనివాటిలో టీడీఎస్ కోయరు కాబట్టి లాభం అనుకుంటారు, పన్ను బాధ్యత ఎక్కడికీ పోదు.

ఫ్యూచర్స్‌కీ ఇదే ప్రచారం, 1 శాతం టీడీఎస్ పడదని. వెయ్యి రూపాయలతో పది వేలు, యాభై వేల పందెం వేయనిస్తారు. పదింతల లివరేజీలో ధర పది శాతం అటు తిరిగితే వెయ్యీ గోవిందా, అంత కదలిక బిట్‌కాయిన్‌కి వారంలో రావడం మామూలే. ఇది పొదుపు చర్చలోకే రాదు. యాప్‌లో ఆ విభాగం మొదటి పేజీలోనే పెట్టి మరీ చూపిస్తుంటే ఆ యాప్ ఎవరి కోసం కట్టారో అర్థమవుతుంది.

ఏ కాయిన్

బిట్‌కాయిన్. ఇథీరియం మీద ఇష్టం ఉంటే దానికి బదులు అది, రెండూ వద్దు, నష్టాల సర్దుబాటు సంగతి పైన చెప్పాను. ఒక్క రూపాయి కన్నా తక్కువకి దొరుకుతోందని కొనే కాయిన్లు అసలొద్దు. ధర తక్కువ అంటే చవక అని కాదు, సంఖ్య ఎక్కువ అని. 2022 మేలో టెర్రా లూనా అనే కాయిన్ కొన్ని రోజుల్లోనే దాదాపు సున్నాకి చేరింది, అంతకు ముందు వారం దాకా అది టాప్ పది కాయిన్ల జాబితాలో ఉండేది. యూఎస్‌డీటీ లాంటివి డాలర్‌తో పాటు కదులుతాయి, దానంతట అది పెరగదు, పైగా రూపాయి బలహీనపడి వచ్చిన లాభం మీద కూడా అదే 30 శాతం.

మరి నేను ఏం చేయించానంటే

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి స్టైపెండ్ తీసుకుంటున్న మేనకోడలు నెలకి 3,000 మిగల్చగలదు అనుకున్నాం. 1,700 పోస్టాఫీసు ఆర్‌డీకి. 1,000 ఇండెక్స్ ఫండ్‌కి. 300 బిట్‌కాయిన్‌కి, నెలకోసారి, స్టైపెండ్ పడ్డ మర్నాడు, ధర చూడకుండా. ఆర్‌డీ, ఫండ్ ఆగకుండా కట్టి, పైన చెప్పిన మూడు నెలల ఖర్చు చేరాకే మూడోది మొదలు. తనకి 300 చాలా తక్కువనిపించింది, "ఇంత దానికి యాప్ ఎందుకు మామయ్యా" అంది. ఏడాది తర్వాత పెంచే హక్కు తనదే, కానీ మిగతా రెండూ అదే నిష్పత్తిలో పెరగాలి.

మేనమామ వాటా కూడా ఉండాలి కదా. తను నెలకి ఎంత ఆర్‌డీ కడితే అందులో సగం నేను తన ఖాతాకి పంపుతాను. బిట్‌కాయిన్‌కి మాత్రం రూపాయి ఇవ్వను. మీరు వేరేలా అనుకోవచ్చు. ఇస్తే మాత్రం రూపాయలే ఇవ్వండి, కాయిన్లు పంపకండి. బ్యాంకు నుంచి బ్యాంకుకి వెళ్లిన డబ్బుకి లెక్క స్పష్టంగా ఉంటుంది. ఆదాయపు పన్ను చట్టంలో తల్లిదండ్రుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బంధువుల జాబితాలో ఉన్నారు కాబట్టి మేనమామ, బాబాయి, పిన్ని, మేనత్త ఇచ్చిన కానుకకి పిల్లలు పన్ను కట్టక్కర్లేదు. తమాషా ఏమిటంటే తిరుగుదారి లేదు. అదే మేనకోడలు రేపు పెద్ద ఉద్యోగంలో చేరి నాకు ఏడాదిలో యాభై వేలు దాటి ఇస్తే నేను పన్ను కట్టాలి. కానుక ఇచ్చే దిక్కు ఏదో మన సంప్రదాయానికి తెలిసినట్టే చట్టానికీ తెలుసు.

అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఈ లెక్క వేరు. సొంత సంపాదన ఉన్న టీనేజర్‌కి అక్కడ తల్లిదండ్రులు కస్టోడియల్ రోత్ ఐఆర్‌ఏ (పిల్లల పేరు మీద తాము నడిపే రిటైర్మెంటు పొదుపు ఖాతా) తెరిచి, దానిలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్ పెట్టొచ్చు. 2025లో పరిమితి 7,000 డాలర్లు లేదా ఆ ఏడాది పిల్ల సంపాదన, ఏది తక్కువైతే అది. నియమాల ప్రకారం రిటైర్మెంటు వయసులో తీస్తే లాభం మీద పన్ను లేదు. డాలస్‌లో ఉన్న బాబాయి చెప్పే సలహా అక్కడికి సరైనదే, దాన్ని యథాతథంగా గుంటూరులో అమలు చేస్తే కుదరదు.

రిటర్ను సంగతి. ఏడాదిలో ఒక్కసారైనా కాయిన్ అమ్మితే రిటర్నులో వీడీఏ షెడ్యూల్ (క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తుల పట్టిక) నింపాలి. కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర ఒక్కో లావాదేవీకి విడివిడిగా ఉంటాయి. ఐటీఆర్-1లో ఆ షెడ్యూల్ లేదు, ఐటీఆర్-2 వాడాలి. కోసిన టీడీఎస్ ఏఐఎస్‌లో, అంటే మన లావాదేవీల గురించి పన్ను శాఖ దగ్గరుండే వార్షిక నివేదికలో, కనపడుతుంది, అంటే అమ్మిన సంగతి శాఖకి ముందే తెలుసు. ఎక్స్ఛేంజీ ఇచ్చే ట్యాక్స్ రిపోర్టుని ఏప్రిల్‌లోనే డౌన్‌లోడ్ చేసి మెయిల్‌లో దాచుకోమనండి. ఎక్స్ఛేంజీ మూతపడినా, యాప్ ఆగిపోయినా కొన్న ధరకి రుజువు ఆ ఫైలే. అది లేకపోతే అమ్మిన మొత్తమంతా లాభమే అనిపించుకునే పరిస్థితి రావొచ్చు. మొదటి ఏడాది రిటర్ను మీరు పక్కన కూర్చుని తన చేతే నింపించండి, జూలై చివరి వారం దాకా ఆగకుండా జూన్‌లోనే.